చిట్టీలో రాయని లైబ్రరీ

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక మెప్పు. నాకు రావలసింది కాదు. తిట్టయితే ఆనాడే దులుపుకుని పోయేదాన్ని. మెప్పును ఎక్కడ దించుకోవాలి? మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

తొంభైల చివర్లో కల్వకుర్తిలో ఒక కంప్యూటర్ సెంటర్లో పనిచేసేదాన్ని. మేం వాడే సిస్టంలో ప్రోగ్రాములు తయారై రావు. సోర్సు కోడ్ తెచ్చుకుని ఎవరి మిషన్ మీద వాళ్లే తయారు చేసుకోవాలి. లైబ్రరీ అంటే పుస్తకాలది కాదు, ప్రోగ్రాం అరువు తెచ్చుకునే కోడ్ మూట. దానికి ఏ లైబ్రరీలు తప్పనిసరి, ఏవి కావాలంటే కలుపుకోవచ్చు అని చెప్పే చిట్టీ ఒకటి ఉంటుంది. ఆ చిట్టీలు రాసేది నేనే. ఎంత గర్వమో!

ఎదురుగా ప్రింటింగ్ ప్రెస్సు యాకూబన్నది. చెల్లెలు షాహీన్ పెళ్లి కార్డును తెలుగులో, ఉర్దూలో వేయాలని నా దగ్గర కార్డుల ప్రోగ్రాం తీసుకుపోయాడు. ఉర్దూ అక్షరాలను కలిపే లైబ్రరీ నా మిషన్లో ముందే ఉండటంతో, ప్రోగ్రాం తనంతట తానే దాన్ని వాడుకుంది. నేను గమనించనే లేదు, చిట్టీలో దాని పేరూ రాయలేదు. ఆయన మిషన్లో ఆ లైబ్రరీ లేదు. ప్రోగ్రాం అడగకుండా, ఆగకుండా చక్కగా తయారై కూర్చుంది. "కావాలంటే తెప్పించుకో" అనాల్సిన చిట్టీ "ఉంటే వాడుకో" అన్నట్టయింది. మా అవ్వ "ఉంటే వెయ్యి" అన్న రోజు పప్పులో మామిడికాయ పడేది కాదు. "కావాలె" అన్న రోజు పక్కింటికైనా పంపి తెప్పించేది. ఈ తేడా నాకు తెలియదా?

ఉర్దూ అక్షరాలు విడివిడిగా పడ్డ కాగితం పట్టుకొచ్చాడు యాకూబన్న.

"చెల్లె, గీ అక్షరాలేంది, ఒకదానితోని ఒకటి మాట్లాడతలేవు? ఎల్లుండి నుంచి కార్డులు పంచాలె."

చూడగానే తెలిసింది. చిట్టీలో ఒక్క లైను చేరిస్తే చాలు. నోరు మాత్రం వేరే మాట అంది.

"నీ మిషన్ పాతదన్నా. నా దాంట్ల మంచిగనే వస్తాంది."

"గంతేనా? అయితే ఫికర్ లేదు. నా చెయ్యి పాతది కాదు గద!"

ఉర్దూ జాగా ఖాళీగా వదిలి, ప్రతి కార్డు మీదా తానే కలంతో రాశాడు. షాహీన్‌ను వెంటబెట్టుకుని హైదరాబాద్ పోయి పెళ్లి బట్టలు కొనిస్తానన్న మాట తప్పాడు. ఆ పిల్ల ఏడ్చింది. ఆ ఏడుపు నా వల్లే.

ఏం రాశాడండీ! పెళ్లిలో బిర్యానీ కంటే కార్డు గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు. షాహీన్ కూడా దాన్ని దాచుకుంది. ఆ తర్వాత ఊళ్లో ఎవరింట్లో పెళ్లయినా యాకూబన్న చేతిరాతే కావాలన్నారు. నాకు నిజంగా సంతోషం. ఆ సంతోషం నాదని ఎట్లా అనుకోను? కాదనీ ఎట్లా అనుకోను?

ఆయనతో అబద్ధమాడిన మరునాడే చిట్టీలో ఆ లైను చేర్చి, ఏం మార్చానో చెప్పే చోట "చిన్న సవరణ" అని రాశాను. యాకూబన్న మాత్రం ఇప్పటికీ పదిమందిలో నన్ను చూపించి "మా చెల్లె మిషన్ పాతదని చెప్పకుంటే నేను కలం పట్టేటోణ్ణే కాదు" అంటాడు. నేను నవ్వుతూ ఆయన పెట్టే మిఠాయి తింటాను.

అన్నా, నీ మిషన్ మంచిదే. లైను రాయనిది నేను. ఇదిగో, ఇప్పుడు రాశాను. చిన్న సవరణ కాదు.