వెంకటరాయప్ప రాగి చెంబు

వెంకటరాయప్పకు నేల కనిపిస్తే చాలు, దాని మీద ఓ చెంబు నీళ్లు పోసి అవి ఎటు పోతాయో చూడాలి. లేకపోతే అన్నం సహించదు. మోపెడ్ హ్యాండిల్‌కు రాగి చెంబు, ముందర నీళ్ల క్యాను, వెనక పార. చింతామణి వైపు ఓ చిన్న రోడ్ల ఆఫీసులో ముప్పై రెండేళ్లుగా ఆయన గ్యాంగ్ మేస్త్రీ.

బాగేపల్లి పిల్ల అంబిక ఆ ఆఫీసుకు కొత్త ఇంజనీరుగా వచ్చిన రోజు ఆయన మెట్ల మీదే దర్శనమిచ్చాడు. మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని, పారే నీళ్లను రెప్ప వేయకుండా చూస్తున్నాడు.

"ఏం చేస్తాండారప్పా?"

"నీళ్లు లోపలికి వస్తాండాయి మేడమ్. వానొస్తే జనం ఇచ్చిన అర్జీలన్నీ తడుస్తాయి."

తడవనీ, చదివే పని తప్పుతుంది అన్నాడు లోపల్నుంచి గుమాస్తా మోహన్‌కుమార్.

మేస్త్రీ కథలు అంబికకు వారంలోనే అన్నీ చేరాయి. ఓ పెళ్లిలో వరుడి కాళ్లు కడిగిన నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తూ అక్షింతలు గుప్పిట్లోనే ఉంచేసుకున్నాడట. ఓ గృహప్రవేశంలో ఇల్లంతా తిరిగి, వంటింటి నీళ్లు దేవుడి గదిలోకి పోతున్నాయని మాత్రం చెప్పాడట. ఆ పూట ఆయన విస్తట్లో రెండో ఒబ్బట్టు పడలేదు.

ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ తన పెళ్లిచూపుల సంగతి తానే చెప్పింది. తాగమని ఇచ్చిన నీళ్లు వాకిట్లో పోశాడు. "పిల్ల ఎట్లుండాది నాయనా అని మా నాయన అడిగితే, వాకిలి పల్లంగా ఉండాది అన్నాడమ్మా."

అట్లాంటాయన్ని ఎందుకు చేసుకున్నారని అంబిక అడిగితే, మర్నాడు పొద్దున జరిగింది చూసి, అని నవ్వి వంటింట్లోకి వెళ్లిపోయింది.

కైవార దారిలో కొత్త రోడ్డు కాలువ పూర్తయింది. అంబిక సంతకం ఒక్కటే మిగిలింది. రోడ్డుకు దిగువన మునిలక్ష్మమ్మ పట్టుపురుగుల షెడ్డు ఉంది. పురుగులు గూళ్లు కట్టడానికి ఇంకా వారం. ఈలోగా షెడ్డులోకి నీళ్లు వచ్చాయంటే పంటంతా పోతుంది. ఆమెకున్నది ఆ పంటే.

కంట్రాక్టరు మనిషి చంద్రు కాగితాలు చాపాడు. అప్పటికే వెంకటరాయప్ప కాలువలో చెంబు వంచాడు. నీళ్లు పది అడుగులు బుద్ధిగా నడిచి, రోడ్డు కింది మోరీ నోటి దగ్గర ఆగి, కాసేపు ఆలోచించుకుని, షెడ్డు వైపుకే వెనక్కి తిరిగాయి.

"మిషన్ పెట్టి చూసినాం మేడమ్. ఈ చెంబు ఏ రూల్సులో ఉండాది?" అన్నాడు చంద్రు.

మేస్త్రీ చెంబు మళ్లీ నింపాడు. రెండో చెంబు పోశాడు. మూడోది పోశాడు. క్యాను ఖాళీ చేశాడు. నీళ్లన్నీ దిగువన నిలబడ్డ చంద్రు బూట్ల దగ్గరికి చేరి ఆగాయి.

అంబిక లెవల్ మిషన్ తెప్పించి తానే చూసింది. మోరీ దగ్గర కాలువ అడుగు నాలుగు వేళ్లు ఎత్తుగా ఉంది. నాలుగు వేళ్ల కోసం గట్టి కాంక్రీటు పగలగొట్టాలా అని చంద్రు గునిశాడు. పైనుంచి రెండు ఫోన్లు కూడా వచ్చాయి. అందరికీ ఆమె ఒకే మాట చెప్పింది: "పగలగొట్టండి. నీళ్లు పోయినంక సంతకం పెడతా."

పగలగొట్టి సరిచేశారు. మూడో రోజు మధ్యాహ్నం ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. అంబిక జీపెక్కి కైవార దారికి బయల్దేరింది. ఎర్రటి నీళ్లు కాలువ నిండా ఉరికి, మోరీలో దూరి, అవతలి వంకలో దూకుతున్నాయి. షెడ్డు గడప తడవలేదు. తన కాలువను చూసి ఆమెకు మెడ ఓ అంగుళం పొడుగైనట్టనిపించింది.

షెడ్డు ముందర గోనెసంచి కప్పుకుని మేస్త్రీ. ఓ చేతిలో పార, ఓ చేతిలో చెంబు.

"కాలువ బాగా పారుతాండాది గదప్పా, పార ఎందుకు?"

ఆయన పారను వెనక్కి దాచుకున్నాడు. గడపలోంచి మునిలక్ష్మమ్మ చెప్పింది. "అలవాటమ్మా. మూడేండ్లుగా వానొచ్చినప్పుడల్లా ఇట్లనే వచ్చి నీళ్లు మళ్లిస్తాండాడు. పిలిచింది లేదు, చెప్పింది లేదు."

"పోసి చూసినాక ఊరికే పోయేదెట్ల మేడమ్," అని గొణిగాడు మేస్త్రీ.

సుబ్బలక్ష్మమ్మ చెప్పకుండా నవ్విన సంగతి అంబికకు అప్పుడు అర్థమైంది. పెళ్లిచూపుల మర్నాడు కూడా ఈయన ఆ వాకిట్లోకి పార తీసుకునే పోయుంటాడు.

"ఇంత వానలో ఇంకా చెంబెందుకప్పా?"

ఆయన చెంబును గుండెలకు హత్తుకున్నాడు. "ఇది కాఫీ మేడమ్, మునిలక్ష్మమ్మ ఇచ్చింది. దీన్ని మాత్రం పోసి చూసేది లేదు."

అరుగు మీద రెండు లోటాలు పెట్టి జాగ్రత్తగా వంచాడు. అయినా రెండు చుక్కలు ఒలికి, మెల్లగా గడప వైపు బయల్దేరాయి. అవి ఎటు పోతాయో చూడటానికి మేస్త్రీ వంగాడు.

ఆయనకన్నా ముందే అంబిక వంగింది.