దొరకలేదని చెప్పిన పేజీ

2016లో జగిత్యాలలో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని వెబ్‌సైట్లు చేసి పెట్టేవాణ్ని. స్కూళ్లు, ఫంక్షన్ హాళ్లు, విత్తనాల షాపులు నా గిరాకీ. ఆ వేసవిలో కోరుట్ల నుంచి రాజేశం వచ్చాడు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి తాపీ పని చేసి తిరిగొచ్చిన మనిషి. అక్కడ జాడ తెలియకుండా పోయిన కూలీల గురించి బ్లాగు నడిపేవాడు. ఒక్కొక్కరికీ ఒక పేజీ: ఫొటో, ఊరు, ఇంటికి చివరిసారి ఎక్కడి నుంచి ఫోన్ చేశాడన్నది. ఎవరో సర్వర్ మార్చి పెట్టడంతో అడ్రసులన్నీ చెడిపోయాయి. పాత లింకు నొక్కితే పేజీ రావడం లేదు.

ఆయన వెంట ఎల్లారెడ్డిపేట వైపు పల్లె నుంచి పద్మ అనే ఆమె వచ్చింది. ఆమె భర్త సిరిసిల్లలో సాంచాలు నడిపేవాడు. ఆ మరమగ్గాల పని ఆగిపోయి గల్ఫ్ వెళ్లాడు. పోయిన దసరా తర్వాత ఫోన్ లేదు. రాజేశం బ్లాగులో అతనికీ ఒక పేజీ ఉంది.

పద్మ తన ఫోన్ నా ముందు పెట్టింది. తెల్లటి తెర మీద ఇంగ్లిషులో ‘404 నాట్ ఫౌండ్’ అని ఉంది.

“మా బిడ్డ సదివింది సార్. దొరకలేదు అని రాసిండ్రట. ఎతుకుడు బంద్ జేసిండ్రా?”

అది ఎర్రర్ పేజీ. అడిగిన అడ్రసులో ఏమీ లేనప్పుడు సర్వర్ తనంతట తాను చూపించేది. మనుషులెవరూ రాసింది కాదు.

“అది మీ ఆయన గురించి కాదక్కా. ఈ పేజీ దొరకలేదని,” అన్నాను.

“ఎతుకుతనే ఉన్నం చెల్లె,” అన్నాడు రాజేశం.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “పొల్ల ముందట ఏడ్వలే. దానికి పరీక్షలున్నయి,” అంది.

ఆ పూటే పని మొదలుపెట్టాను. బ్లాగులో ప్రతి పేజీకీ ఉండే శాశ్వత చిరునామాను పర్మలింక్ అంటారు. రాజేశం పేజీల చిరునామా చివర ఒక ప్రశ్నార్థకం, ఒక అంకె ఉండేవి. అందులో ఎవరి పేరూ ఉండదు కాబట్టి వెతికేవాళ్లకు అది సులువుగా తగలదు. పేరు, ఊరు వచ్చేలా మార్చాను. తెలుగు అక్షరాలు పెడితే లింకు పంపేటప్పుడు శాతం గుర్తుల దండలా మారిపోతుంది, అందుకే ఇంగ్లిషు అక్షరాలు.

“పాస్‌పోర్టుల పేరు ఎట్లున్నది అక్కా?” అని అడిగి అట్లాగే పెట్టాను. అక్కడివాళ్లకు తెలిసేది ఆ పేరే. పాత లింకు నొక్కినా కొత్త పేజీకి వెళ్లేలా రీడైరెక్ట్ పెట్టాను. ఎర్రర్ పేజీని తెలుగులో రాశాం: ‘లింకు తప్పింది. మీ మనిషి గురించి వెతుకుతూనే ఉన్నాం. ఈ నంబరుకు ఫోన్ చేయండి.’

వానలు పడ్డాక రాజేశానికి గల్ఫ్ నుంచి ఫోన్ వచ్చింది. చేసినతను అక్కడి ఆసుపత్రిలో ఊడ్చే పని చేస్తాడు. శవాల గదిలో తన కోసం ఎవరూ రాని మనిషి ఒకడు ఉన్నాడని, చీటీ మీది పేరు ఫోన్లో కొడితే ఈ పేజీ వచ్చిందని చెప్పాడు. పద్మకు ఆ సంగతి రాజేశమే చెప్పాడు. నాకు ధైర్యం చాలలేదు.

శవం వచ్చిన రోజు ఇద్దరం వెళ్లాం. అంతా అయ్యాక ఆమె మా దగ్గరికి వచ్చింది.

“కంపెనోళ్లు గుండెనొప్పి అని రాసిచ్చిండ్రు. కూడ ఉన్నోళ్లు ఫోన్ల జెప్పిండ్రన్నా, మిట్టమధ్యానం ఎండల పని జేయించిండ్రట, ఆడనే పడిపోయిండట. గదే రాయుండ్రి.”

రాజేశం రాశాడు.

ఎర్రర్ పేజీ చదివేది ఎక్కడో ఎదురుచూస్తున్న మనిషని, ఒకసారి ఇచ్చిన అడ్రసు చెడిపోకూడదని నాకు అప్పుడే తెలిసింది. ఇప్పటికీ సర్వర్ మార్చినప్పుడల్లా ముందు పద్మ భర్త పేజీ అడ్రసే కొట్టి చూస్తాను. పేజీ వస్తుంది. అతని పేరు, ఊరు, ఎట్లా చనిపోయాడన్నది చదివి, మిగతా పని మొదలుపెడతాను.