పెంటమ్మ యాప్

ఉద్యోగంలో చేరిన ఆ కొత్తల్లో నాకు భయం లేని పూట ఉండేది కాదు. మా ఆఫీసు సారు దగ్గినా నన్నే పిలుస్తున్నారనుకునేదాన్ని. కోటవురట్ల నుంచి రోజూ బస్సులో అనకాపల్లి వచ్చి, బెల్లం గోదాము మీద మేడలో ఉన్న చిన్న కంప్యూటర్ ఆఫీసులో పని చేసేదాన్ని. నన్ను ఇంకా ఖాయం చేయలేదు. "ఈ యాప్ షావుకారికి నచ్చితే ఉంటావు, లేదంటే నీ దారి నీది," అని సారు ముందే చెప్పేశారు. రైతులు బెల్లం ధరను ఫోన్లో చూసుకోవడానికి ఆ షావుకారు చేయిస్తున్న యాప్ అది.

అంతకుముందు మా ఆఫీసులో చేసిన రెండు యాప్‌లూ సరిగ్గా చేయించుకున్నవాళ్లకి చూపించే రోజునే ఆగిపోయాయి. అందరం పెద్దక్క అని పిలిచే మా సీనియర్, "ఇది దిష్టే! పిల్లలు దక్కకపోతే మనోళ్లు ఏటి సేత్తారు? తరవాత పుట్టినోళ్లకి పెంటయ్యో పెంటమ్మో అని పెట్టి బతికించుకోరూ? దీనికీ అదే పెట్టీ," అంది. ఇంజనీరింగ్ చదివినవాళ్లం, ఒక్కరమూ నవ్వలేదు. ప్రాజెక్టుకి పెంటమ్మ అని పేరు పెట్టేశాం. (చిత్రమేమిటంటే, అది ఒక్కసారి కూడా మొరాయించలేదు.)

చూపించే రోజు పొద్దున్నే ఆ పేరు తీసి 'తీపిబాట' అని పెట్టడం నా వంతు. కోడ్ రాసుకునే ఎడిటర్లో మార్చాను. తెర మీద ఎక్కడ చూసినా తీపిబాటే. కానీ ఆ కోడ్‌ను ఫోన్లోకి ఎక్కే యాప్‌గా తయారుచేసే బిల్డ్ సిస్టమ్ వేరు, దానికి పేరు విడిగా చెప్పుకోవాలి. ఆ సంగతే నాకు తట్టలేదు.

షావుకారు పెద్దాయన. సారు ఆయన ఫోన్లో యాప్ ఎక్కించి వినయంగా చేతికిచ్చారు. ఆయన కళ్లజోడు సర్దుకుని చూశారు. మళ్ళీ చూశారు. "పెంటమ్మ," అని పైకి చదివారు.

నేను ఎడిటర్లో మార్చిన పేరు ఫోన్లో మారనే లేదు.

"ఇది మా అమ్మ పేరు. మీకెవులు సెప్పేరు?"

"గౌరవం కొద్దీ, సార్..." అని నసిగారు మా సారు.

"గవురవమా, ఎటకారమా?"

సారు నావైపు చూసిన చూపులో నాకు తిరుగు బస్సు కనబడింది. భయానికి నోరు దానంతటదే తెరుచుకుంది. "ఎటకారం కాదండీ... దీనికి ముందు రెండు పోయేయండి... ఇదైనా బతకాలనండి..." అంటూ భోరుమన్నాను. (పోయినవి యాప్‌లని చెప్పడం కూడా మరిచిపోయాను.)

ఆయన తెర మీది పేరును బొటనవేలితో ఒకసారి తడిమారు. తర్వాత, "మాయమ్మకి ముందూ ఇద్దరు పోయేరట," అన్నారు మెల్లగా. "ఈవిడ మాత్రం మా ఈదిలో ముసలోళ్లందర్నీ సాగనంపి ఆకర్న ఎల్లింది. మార్సకండి. పేరదే ఉంచీండి."

అలా నా ఉద్యోగం నిలబడింది. ఆ సాయంత్రం ఎడిటర్లో తీపిబాట కొట్టేసి మళ్ళీ పెంటమ్మ అని రాశాను. రెండు చోట్లా ఒకటే ఉందా అని చూసి, మెట్లు దిగి, అనుమానమొచ్చి మళ్ళీ ఎక్కి చూశాను. "ఓలమ్మో, అదెక్కడికీ పారిపోదే!" అని పెద్దక్క ఒకటే నవ్వు.

అప్పటి నన్ను, ఆ పిరికి పిల్లని తలుచుకుంటే ఇప్పుడు నాకూ నవ్వొస్తుంది. భుజం మీద చెయ్యేసి, ఏమీ కాదులేవే అనాలనిపిస్తుంది. కానీ నా మాట నమ్ముతుందా? నాకిప్పుడో పాప. జ్వరం తగ్గి హాయిగా నిద్రపోతోంది. ఈ నాలుగు ముక్కలు రాసేలోపు దాని నుదుటి మీద ఎన్నిసార్లు చెయ్యి పెట్టి చూశానో నాకే తెలియదు.