మామగారితో వానాకాలపు కొండ

పెళ్లయిన నాలుగో నెలలోనే మా ఆవిడకు తండ్రి లేకుండా చేయబోయాను. ఎలాగో చెప్తాను. మీరు మాత్రం ఈ సంగతి రేపల్లెలోని మా అత్తారి బంధువుల దాకా తీసుకెళ్లకండి.

మాది తెనాలి పక్కన అంగలకుదురు. వరిచేను గట్టుకంటే ఎత్తయినదేదీ ఎక్కి ఎరగను. అలాంటివాణ్ణి ఏప్రిల్‌లో ఆఫీసువాళ్లతో ఒక కొండెక్కి వచ్చాను. ఇక ఇంట్లో నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆగస్టులో మామగారు మా ఇంటికి వస్తే, "రండి మామయ్యగారూ, ఆ దారి నాకు మన పెరడులాంటిది" అని బయల్దేరదీశాను.

వేసవిలో ఆ దారి రెండు గట్ల మధ్య గులకరాళ్లు పరిచిన రోడ్డులా ఉండేది. ఇప్పుడక్కడ పాదాలు మునిగేంత నీళ్లు.

"దారి తడిగా ఉందేంటండి అల్లుడుగారూ?"

"నిన్న వాన పడిందిగా అండి. పైకెళ్తే ఆరిపోయి ఉంటుంది."

ఆరలేదు. ఎక్కేకొద్దీ నీళ్లు మోకాళ్లకొచ్చాయి. ఏప్రిల్‌లో దర్జాగా కూర్చుని పులిహోర తిన్న బండ నాచు పట్టి, కాలు పెట్టగానే నన్ను బోర్లా పడేసింది. అంతలో ఎగువన ఉరిమింది. చూస్తుండగానే నీళ్లు ఎర్రబడి నడుం దాకా లేచాయి. ఇద్దరం ఒక పెద్ద రాయెక్కి దాన్ని కావలించుకున్నాం. రాయికంటే తననే గట్టిగా పట్టుకున్నానని మామగారు తర్వాత మా ఇంట్లో చెప్పారు. అలాంటప్పుడు ఏది రాయో, ఎవరు మామగారో ఎలా తెలుస్తుంది చెప్పండి? మా ఆవిడకు ఏం చెప్పాలో, అసలు చెప్పడానికి నేనుంటానో లేదో తెలియలేదు.

"మీకు ఈతొచ్చా అండి?" అన్నారాయన చాలా మెల్లగా.

"పంటకాలవలో అయితే వచ్చండి."

ఆయన రాయిని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నారు.

అప్పుడు గట్టు మీద మేకలు తోలుకెళ్తున్న ఒక పెద్దావిడ ఆగింది.

"వాగులో ఏం చేస్తున్నారయ్యా?"

"వాగు కాదమ్మా, దారి" అన్నాను, నిలువెల్లా తడిసి.

"దారి ఇదిగో, నేను నిలబడ్డది. ఎండాకాలం నీళ్లుండవని జనం వాగులో పడి నడుస్తారు. వానల్లో మా మేకలు కూడా దిగవు."

ఆవిడ తన పొడవాటి కర్ర చాపింది. మామగారు ముందు, నేను వెనక, పాకుతూ పైకి చేరాం. వెనక్కి తిరిగి చూస్తే ఆ రాయి కనిపించలేదు. మునిగిపోయింది.

తిరుగు బస్సులో తెనాలి దగ్గరపడ్డాక మామగారు నోరు విప్పారు.

"అల్లుడుగారూ, పెళ్లిచూపులకి రేపల్లె మీరే దారి కనుక్కుని వచ్చారా అండి?"

"లేదండి. మా నాన్నగారు తీసుకొచ్చారు."

"అదే అనుకున్నానండి."

ఆ బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను. ఎండాకాలం చూసిన కొండ గురించి వానాకాలంలో మాట్లాడను. మామగారి ముందు మాత్రం ఏ కాలంలోనూ మాట్లాడను.