నాలుగు గడుల్లో పట్టని ఇల్లు

మొన్న భవానీపూర్‌లో మా ఇంట్లో కాఫీ తాగుతూ, ఈ బెంగాలీల ఊళ్ళోని తెలుగు కుటుంబాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కిస్తున్న మనవరాలు ఒక్కో ఇంటివాళ్ళ పేర్లన్నీ కామాలు పెట్టి ఒకే గడిలో కుక్కేయడం చూసి పకపకా నవ్వాను. అది మూతి ముడుచుకుంది గానీ, నా ఉద్యోగం తొలినాళ్ళలో ఆ కామా ఒక ముసలావిడ కళ్ళకే ఎసరు పెట్టిందని దానికేం తెలుసు!

అప్పుడు నేను హౌరాలో ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ విభాగంలో కొత్తగా చేరాను. కార్మికుడి మీద ఆధారపడ్డవాళ్ళ పేర్లకు మా పట్టికలో నాలుగే గడులుండేవి, అక్కడ పేరున్నవాళ్ళకే ఫ్యాక్టరీ ఆసుపత్రిలో వైద్యం. ఏ మహానుభావుడి ఆలోచనో గానీ, నాలుగు గడుల్లో ఇమిడే ఇల్లు అప్పట్లో మేముండే లిలువా పేట తెలుగువాళ్ళలో ఎక్కడుందండీ? మా పక్కింటి బాబాయి ఆ ఫ్యాక్టరీలోనే ఫిట్టరు. భార్య, ఇద్దరు పిల్లలు, తండ్రితో గడులు నిండిపోతే, తనను పెంచిన మేనత్తకు అనుమతి ఉన్నా చోటు లేక, గుమాస్తా జాలిపడి ఆవిడ పేరును తండ్రి పేరు పక్కనే కామా పెట్టి ఇరికించాడు. తీరా శుక్లాలు ముదిరి ఆవిడ ఆపరేషనుకు వెళ్తే, గడిలో ఉన్నదంతా ఒక్క మనిషి పేరే అనుకున్న యంత్రానికి ఆవిడ దొరకలేదు. కౌంటరు దగ్గర దీదీ "నామ్ నేయీ", పేరు లేదు పొమ్మని వెనక్కి పంపేసింది. ఆవిడ తడుముకుంటూ వచ్చి మా గుమ్మంలో కూలబడి, "ఏటమ్మా, నాను బతికున్నట్టు మీ మిషనుకి తెల్దేటి?" అంది. మర్నాడే ఆ మాట ఆఫీసులో పెట్టాను.

మా పై అధికారి, మేమంతా దాదా అని పిలిచే బెంగాలీ ఆయన, మంచివాడే. ఐదో గడి పెట్టేద్దాం, పోయేదేముంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. రేపు ఆరో మనిషి వస్తేనో? మా ఇళ్ళలో బంతికి ఎంతమంది వస్తారో ముందే లెక్కగట్టం దాదా, మనిషి వచ్చాకే ఆకు వేస్తాం అని వచ్చీరాని బెంగాలీలో గట్టిగానే వాదించాను. ఆయనదీ ఉమ్మడి కుటుంబమే, తల ఊపాడు. ఆధారపడ్డవాళ్ళకు విడిగా ఒక పట్టిక పెట్టి, మనిషికో వరుస ఇచ్చి, ప్రతి వరుసలోనూ వాళ్ళను పోషించే కార్మికుడి నంబరు రాశాం. ఇక ఇంట్లో ఎందరుంటే అన్ని వరుసలు. కామాల చాటున ఇరుక్కున్నవాళ్ళందరినీ ఒక్కొక్కరినే విడదీసి కూర్చోబెట్టేసరికి నా నడుం విరిగిందనుకోండి.

ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక, మసక చూపులో నా గొంతు తప్ప మొహం ఎరగని ఆ మేనత్త నన్ను ఎగాదిగా చూసి, "ఏటే, అంత గొంతేసుకుని ఇంతే మనిషివా!" అంది. వార్డంతా నవ్వింది, నేను మాత్రం బావురుమన్నాను.

ఇప్పుడు మేనత్తలను ఇంట్లో ఉంచుకునేవాళ్ళేరీ? చాలా ఇళ్ళకు ఆనాటి నాలుగు గడులే ఎక్కువ. తలుచుకుంటే దిగులే. పట్టికలో చోటుకు కొదవ లేదు, రావలసింది మనుషులే. వస్తారు లెండి, రాకేం చేస్తారు!