మీ పైనోళ్ళకియ్యమ్మా!

తర్లుపాడు కొండయ్యకు మధ్యవర్తులంటే గిట్టదు. ఏ పనైనా సరే, దానికి అందరికంటే పైన ఎవరున్నారో కనుక్కుని నేరుగా వాళ్ళతోనే మాట్లాడాలి. కరెంటు పోతే లోకమంతా లైన్‌మన్‌కు ఫోన్ చేస్తుంది. కొండయ్య మాత్రం జిల్లా మొత్తానికి కరెంటు ఆఫీసులో పెద్ద ఎవరో వాళ్ళకు చేస్తాడు. "దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడంటారు గదా, మరి పూజారి దగ్గరికి ఎందుకు పోవాల?" అనేది ఆయన సిద్ధాంతం. ఏదో మాటవరసకు అనడం కాదు. మార్కాపురం చెన్నకేశవస్వామి గుళ్ళో "సామీ, గోత్రం నేనే చెప్పుకుంటాలే, నువ్వు రవ్వంత పక్కకు జరుగు" అని అర్చకుణ్ణి జరిపిన ఘనత ఆయనది. ఊళ్ళో అందరూ ఆయన్ని డైరెక్టు కొండయ్య అంటారు.

ఒకసారి పళ్ళమీద గార పోవడం లేదని పేస్టు కంపెనీకి ఫోన్ చేశాడు. ఫోనెత్తిన అమ్మాయి ఫిర్యాదు రాసుకుంటానంది.

"నువ్వు రాసుకుని ఏం చేస్తావమ్మా, పాపం. ఫోను మీ పైనోళ్ళకియ్యి."

ఆ పైవాళ్ళు, వాళ్ళ పైవాళ్ళు అయి, నాలుగో మనిషి దగ్గరకు చేరేసరికి అన్నం వేళైంది. ఆ నాలుగో ఆయనది నంద్యాల అని తేలింది. ఇక గార సంగతి ఇద్దరికీ గుర్తులేదు. ఆయన అత్తగారి మోకాళ్ళకు ఏ నూనె రుద్దాలో కొండయ్య చెప్పాడు. ఆయన ఇప్పటికీ ఉగాదికి ఫోన్ చేసి పలకరిస్తాడు. గార మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇట్లాంటి పెదనాయన పక్కింట్లోనే ఉండగా వాణి ఉద్యోగానికి వెతుక్కుంటోంది. వాణి కొండయ్య తమ్ముడి కూతురు, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. నీళ్ళు పరీక్షించే ల్యాబులో చేరాలని ఆ పిల్ల కోరిక. ఏడాదిన్నరలో నూటపన్నెండు అప్లికేషన్లు పెట్టింది. "మీ దరఖాస్తు అందింది" అని వెంటనే మెయిల్ వచ్చేది. ఆ తర్వాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. జూన్‌లో బళ్ళు తెరిచేలోపు ఏదీ రాకపోతే మార్కాపురంలో ఒక ప్రైవేటు బడిలో చేరాలని వాళ్ళ నాయన తేల్చేశాడు. చేరిందంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆ బడి బీరువాలోకి పోతాయి. ఇక నీళ్ళ ల్యాబు మాట మర్చిపోవాల్సిందే. అందుకని వాణి పొద్దస్తమానం అరుగు మీద కూర్చుని ఫోన్ వంక చూసేది.

కొండయ్యకు ఇది చూడబుద్ధి కాలేదు.

"ఎవురికి రాసినావమ్మా ఇన్ని?"

"కంపెనీలకు పెదనాయనా."

"కంపెనీ అంటే ఎవురు? పేరేంది ఆయనది?"

"పేరుండదు. వెబ్‌సైట్లో పెడతాం, అంతే."

"పేరు లేనోనికి ఎట్ల రాస్తారే! నూటపన్నెండు రాస్తివి, ఒక్క మనిషికన్నా రాయకపోతివి. ఆ పనికి మనుషుల్ని ఎంచేది ఎవురో కనుక్కో. ఆయనకు రాయి. పైనోళ్ళు పులులా ఏంది, తినేదానికి?"

వాణి నవ్వి ఊరుకుంది. కొండయ్య ఊరుకునే రకం కాదు. మర్నాడు హైదరాబాదులో ఒక ల్యాబుకు ఫోన్ కొట్టి, ఇద్దరు ముగ్గుర్ని దాటుకుని, ప్రవీణ్ కుమార్ అనే మేనేజరును పట్టుకున్నాడు. స్పీకర్ పెట్టి వాణిని కేకేశాడు.

"నాయనా ప్రవీణూ, మా పిల్ల ఎమ్మెస్సీ. నీళ్ళల్లో ఏముందో ఇట్టే చెప్తాది."

"సర్, మీటింగ్‌లో ఉన్నాను. వెబ్‌సైట్లో అప్లై చెయ్యమనండి."

"చేసింది నాయనా. మీ వెబ్‌సైటుకు నోరు లేదు. మీటింగన్నావే, మీ పైనోళ్ళు పక్కనే ఉన్నారా? ఉంటే రవ్వంత ఇయ్యి."

ఉన్నారు. పాపం, ఆ ప్రవీణ్ కుమార్ ఇచ్చాడు కూడా. "నీకెంతమంది పిల్లలు నాయనా?" అని కొండయ్య ఆ పైఆయన్ని అడుగుతుండగా వాణి పరిగెత్తుకొచ్చి ఫోన్ లాక్కుంది. ఆ పూట అన్నం తినలేదు. తల తీసేసినట్టయి ఏడ్చింది.

"నాకు ఉద్యోగమియ్యమని ఇంకెవర్నీ అడగనని ఒట్టెయ్యి పెదనాయనా!"

కొండయ్య తల గోక్కున్నాడు. "సరే. చెన్నకేశవుని మీద ఒట్టు. నీకు ఉద్యోగమియ్యమని ఒక్కర్ని కూడా అడగను" అని ఒక్కో మాటా ఒత్తి పలికాడు. వాణి ఆ ఒత్తడం గమనించలేదు.

పది రోజుల తర్వాత ఒక వింత మొదలైంది. వాణికి జవాబులు వస్తున్నాయి. అన్నీ లేదనే. అయితేనేం, జవాబులు! 'మీరు ఏయే మిషన్ల మీద పనిచేశారో రాయలేదు' అని ఒకరు, 'ప్రాజెక్టు వివరాలు ముందు పెట్టాల్సింది' అని ఒకరు, 'ఈసారికి భర్తీ అయింది, ఆగస్టులో చూడండి' అని ఇంకొకరు. నెలలో ముప్పై ఒకటి వచ్చాయి. ఉద్యోగం లేదన్న మెయిల్ చూసి ఎగిరి గంతేసే పిల్లను తర్లుపాడు అప్పుడే చూసింది. తన కాగితాలు ఎవరో మనిషి చదివారంటే వాణికి అంత సంతోషం. వాళ్ళు చెప్పినవన్నీ దిద్దుకుంది. ఈసారి వెబ్‌సైట్లో పెట్టి ఊరుకోకుండా, మనుషుల్ని ఎంచేది ఎవరో వెతికి పట్టి, పేరు పెట్టి నాలుగు ముక్కలు రాయసాగింది.

"అట్ల రా దారికి" అన్నాడు కొండయ్య.

అదే నెలలో ఆయన భార్య శేషమ్మ కొట్టంలో నిలబడి గొంతు చించుకుంటోంది. కొండయ్య ముప్పై ఏళ్ళు మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో పెట్టెల మీద తెల్లపెయింటుతో అడ్రసులు రాశాడు. మానేసే రోజున యజమాని రెండు పెట్టెల పలకలిచ్చి పంపాడు. అందులో ఒక పెట్టె ఖాళీ అయిపోయింది.

"పలకలు తినే ఎలకలు యాడుంటాయి?" అని శేషమ్మ. కొండయ్య చేతికున్న పెయింటు పంచెకు తుడుచుకున్నాడు.

మే చివర్లో ఒంగోలు నుంచి పిలుపొచ్చింది. నీళ్ళు పరీక్షించే ల్యాబు. వాణి పేరు పెట్టి రాసింది అక్కడి మేనేజరు గోపికకే. గదిలోకి అడుగుపెట్టీ పెట్టగానే వాణి అక్కడే ఆగిపోయింది. గోపిక బల్ల మీద, కంప్యూటరు పక్కన, చెక్క ఫ్రేము పలక నిలబడి ఉంది. దాని మీద తెల్లపెయింటు అక్షరాలు. పలకల పెట్టెల మీద చిన్నప్పటి నుంచీ చూసిన చేతిరాత!

'అమ్మా, మా వాణి మీకు అర్జీ పెట్టుకున్నది. ఉద్యోగం ఇమ్మని అడగడం లేదు. ఇయ్యకుంటే ఎందుకియ్యలేదో ఒక ముక్క రాయండి. పిల్ల దినమంతా ఫోన్ చూస్తా కూర్చుంటాది. ఇట్లు, కొండయ్య, తర్లుపాడు.'

"మేడం, మా పెదనాయన..." అని వాణి సంజాయిషీ చెప్పబోయింది.

"కాగితమైతే ఎప్పుడో పారేసేదాన్నమ్మా" అంది గోపిక. "పలకను చెత్తబుట్టలో ఎట్లా వేస్తాం, సరస్వతి కదా! కింద పెడితే ఒకరోజు కాలు తగిలి కళ్ళకద్దుకున్నాను. బల్ల మీద పెడితే రోజూ అదే కనబడుతుంది. చివరికి నీకే కాదు, నేను జవాబివ్వని వాళ్ళందరికీ కూర్చుని రాశాను. అప్పుడు నీకు లేదనే రాశాను, గుర్తుందా? దిద్దుకుని మళ్ళీ నాకే రాశావు. అందుకు పిలిచాను. ఇంతకీ నీళ్ళ ల్యాబే ఎందుకు?"

"మా పెదనాయన గార పోలేదని పేస్టు కంపెనీతో తగాదా పడినాడు మేడం. తప్పు పేస్టుది కాదు, మా ఊరి నీళ్ళది. ఫ్లోరైడు. అది చెప్పేవాళ్ళు మా పక్క లేరు."

గోపిక పగలబడి నవ్వింది. ఆ తర్వాత గంటసేపు ఒక్క నవ్వూ లేకుండా ప్రశ్నలు వేసింది. వాణి అన్నిటికీ చెప్పింది. జూన్ ఒకటిన వచ్చి చేరమన్నారు.

బస్సు దిగీ దిగగానే వాణి నేరుగా పెదనాయన మీదికి పోయింది. "ఒట్టేసినావు గదా! ఎన్ని పంపినావు?"

"నువ్వు అర్జీ పెట్టిన చోట్లకు ఫోన్ చేసి పైనోళ్ళ పేర్లు కనుక్కుని, పెట్టెకెన్ని పడతాయో అన్ని. ఒట్టు తప్పినానా ఏంది? ఉద్యోగమడగలేదే! జవాబడిగినా. ఉంటే ఉందనాల, లేకుంటే లేదనాల. ఏదీ చెప్పకుండా ఎదురుచూపించేది పాపం గాదా?"

తిట్టడానికొచ్చిన వాణికి కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఆయన్ని పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "ఉన్న పెట్టెనన్నా ఉండనియ్యమని చెప్పే!" అని లోపల్నుంచి శేషమ్మ కేకేసింది.

వాణి చేరి ఆరు నెలలైంది. అప్లికేషన్లకు జవాబులు రాసే పని కూడా, ఆ పలకతో సహా, గోపిక ఆమెకే అప్పగించింది. పని ఎక్కువై ఈమధ్య కొన్ని మిగిలిపోతున్నాయి. ఒకరోజు ఆఫీసు ఫోన్ మోగింది.

"అమ్మా, మా తర్లుపాడు నరేషని ఒక పిల్లోడు మీకు అర్జీ పెట్టుకున్నాడు. మూడు వారాలాయె, ఒక ముక్క రాయలేదంట. అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తన్నాడు."

"పెదనాయనా, నేను వాణిని! ఇక్కడ జవాబులు రాసేది నేనే."



"నువ్వా జవాబు రాయంది?"

"పని ఎక్కువై..."

"అయితే మీ పైనోళ్ళకియ్యమ్మా."

"వద్దు పెదనాయనా, వద్దు! ఇప్పుడే రాస్తా" అని వాణి పలక వంక ఒకసారి చూసి, నరేష్ కాగితాలు ముందుకు లాక్కుంది.