మిరప గోతాల మధ్య మృదంగం

నేను డిస్కుల మనిషిని. చూడ్డానికి మామూలు సీడీలాగే ఉండి, దానికంటే ఎంతో స్పష్టంగా మోగే హై రిజల్యూషన్ డిస్కుల కోసం ఇంట్లో ఒక గది కేటాయించుకున్నాను. కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి ధ్వని గురించి నాకు బాగా తెలుసని ఇంట్లో నేనొక్కణ్ణే నమ్మేవాణ్ణి.

మా అక్క భర్త గుంటూరులో పత్తి వ్యాపారి. ఆయనది ఫైళ్ళ పక్షం. నా డిస్కుని ఆయన పళ్ళెం అనేవారు.

"అదే కచేరీ, అదే క్వాలిటీ నా పెన్‌డ్రైవులో ఉందయ్యా. ఆ పళ్ళేలు తుడుచుకుంటూ కూర్చోడం ఎందుకు?"

"తేడా వినిపించేవాళ్ళకి వినిపిస్తుంది బావగారూ" అనేవాణ్ణి.

ఒక ఆదివారం మా ఇంట్లోనే తేల్చుకుందామనుకున్నాం. కానీ నా గదికో జబ్బు ఉంది. నేలంతా మార్టూరు గ్రానైటు, గోడలు బోడివి. చప్పట్లు కొడితే మారుమోగేది. మూలల్లో మెత్తటివి పెడితే తగ్గుతుందని చదివి, పనికిరాని పత్తి ఏదైనా ఉంటే పంపమని బావగారినే అడిగాను. ఆయన పోటీలో ఉన్నా పెద్దమనసుతో నాలుగు గోతాల నిండా కూరించి ట్రాలీ ఆటోలో పంపారు.

మా ఆవిడ గుమ్మంలోనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇవి మిరపకాయల గోతాలండీ. దులపకుండానే పత్తి కూరారు."

"ధ్వనికీ వాసనకీ సంబంధం లేదు" అని చెప్పాను, పాఠం చెప్పే గొంతుతో.

ఆదివారం అక్కా బావా వచ్చారు. ఏసీ చప్పుడు అడ్డొస్తుందని ఆపేసి, తలుపులు మూసి, డిస్కు పెట్టాను. గది నిజంగానే బాగుపడింది. ఆ ఉత్సాహంలో సౌండు పెంచాను. మృదంగం మీద గట్టి దెబ్బ పడ్డప్పుడల్లా స్పీకర్ల వెనకున్న గోతాలు అదిరాయి. ముందు అక్క తుమ్మింది. తర్వాత మా ఆవిడ దగ్గింది. ఇద్దరూ లేచి వరండాలోకి వెళ్ళి తలుపు మూసేశారు. బావగారు తువ్వాలు ముక్కుకి పెట్టుకుని కూడా కదల్లేదు.

"నీ డిస్కులో గొంతు గరగరలాడుతోంది" అన్నారు.

"అది మీ గొంతు బావగారూ."

ఆయన తడుముకుంటూ లేచి తన ఫైలు పెట్టారు. కళ్ళు ఎర్రబడ్డాయి. "చూశావా. కళ్ళమ్మట నీళ్ళొస్తున్నాయి."

"నా డిస్కుకీ వచ్చాయిగా" అన్నాను, కళ్ళు తుడుచుకుంటూ.

ముందు లేచి బయటికి వెళ్ళినవాడు ఓడినట్టే అని ఇద్దరికీ తెలుసు. చివరికి అక్క వచ్చి తలుపు తీసి, ఇద్దర్నీ వరండాలోకి పిలిచి మజ్జిగ ఇచ్చింది. లోపల ఫైలు మోగుతూనే ఉంది.

"ఇంతకీ ఏది బాగుంది?" అని బావగారు మా ఆవిణ్ణి అడిగారు.

"ఇక్కడ కూర్చుని వింటే రెండూ బాగానే ఉన్నాయన్నయ్యగారూ. లోపల కూర్చుంటేనే కష్టం."

గోతాలు తిరిగి తీసుకోమంటే, ఘాటెక్కిన పత్తి తనకెందుకన్నారు బావగారు. డాబా మీద పెట్టాను. మొదటి వానకి తడిసి ముద్దయ్యాయి. గదిలో మారుమోత మళ్ళీ మొదలైంది. నేను డిస్కు పెడితే అది డిస్కు లోపమంటారు బావగారు. ఆయన ఫైలుకీ అలాగే మోగుతుంది. అప్పుడు మాత్రం గది లోపమంటారు.